విదేశీ క్లబ్‌కి పోయే మిడ్‌ఫీల్డర్‌కి సద్దిమూట

ముందు పాస్‌పోర్టు తీయించు. ఆట సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మొదటి మాటే ఇది ఎందుకంటే, నేను పద్నాలుగేళ్లుగా మహబూబ్‌నగర్‌లో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఆట రాక ఆగిపోయినవాళ్లకంటే కాగితాలు లేక ఆగిపోయినవాళ్లనే ఎక్కువ చూశాను. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఇంకో పేరు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక. పుట్టిన తేదీ బడిలో సారు రాసింది ఒకటి, అమ్మకు గుర్తున్నది ఇంకొకటి. ఇవన్నీ ఒక్కటి చేయించడానికి నెలలు పడుతుంది, ట్రయల్‌కి రమ్మని క్లబ్ మెయిల్ పెట్టిందంటే మాత్రం చేతిలో ఉండేది రెండు మూడు వారాలే. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో పోస్టాఫీసులోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, హైదరాబాద్ దాకా పోవాల్సిన పని లేదు. అప్లికేషన్‌తో టెన్త్ పాసైన మెమో తప్పకుండా పెట్టు, అది ఉంటే ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలనే ముద్ర) లేని పాస్‌పోర్టు వస్తుంది. సౌదీలో ఇప్పుడు ఆడవాళ్ల లీగ్ నడుస్తోంది, అలాంటి దేశం నుంచి పిలుపు వచ్చినా ఆ ముద్ర నీకు అడ్డం రాదు.

మన పాలమూరోళ్లకు బయటికి పోయి పని చేయడం కొత్త కాదు బిడ్డా. గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని, అందులో ఏం రాసి ఉందో తెలియని కాగితం మీద వేలిముద్ర వేసి, బొంబాయికీ పుణెకూ పోయిన తాతలు ప్రతి ఊళ్లో ఉన్నారు. మా తాత కూడా అలా పోయినవాడే. విదేశీ క్లబ్‌కి ఆడటానికి పోవడం కూడా పనికి పోవడమే, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ నువ్వు సంతకం పెట్టే కాగితాన్ని నువ్వే చదివి, అర్థం చేసుకుని, తర్వాతే పెట్టాలి. ఇందులో చాలా భాగం ఆ కాగితం గురించే చెప్తాను.

మిడ్‌ఫీల్డర్‌కి దారి ఎందుకు ఇరుకు

మన దేశం నుంచి బయటికి పోయి ఆడిన అమ్మాయిలను ఒకసారి చూడు. అదితి చౌహాన్ 2015లో వెస్ట్ హామ్‌కి ఆడింది, ఆమె గోల్‌కీపర్. 2020 జనవరిలో స్కాట్లాండ్‌లోని రేంజర్స్‌తో కాంట్రాక్టు చేసుకున్న బాలాదేవి ఫార్వర్డ్. 2022లో సైప్రస్ క్లబ్ అపోలోన్‌కి పోయి, యూరప్ మహిళల చాంపియన్స్ లీగ్‌లో ఆడిన మొదటి భారతీయురాలు అయిన మనీషా కళ్యాణ్ వింగ్‌లో, అంటే గ్రౌండ్ అంచున ఆడుతుంది. అదే ఏడాది క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కి పోయిన మన తెలంగాణ బిడ్డ, నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ కూడా వింగరే. వేగం, గోల్, గోల్ ఆపడం ఇవన్నీ రెండు నిమిషాల వీడియోలో కనబడతాయి. గ్రౌండ్ మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్ చేసే పని అలా కనబడదు. నువ్వు సరైన చోట నిలబడ్డావు కాబట్టి ఎదుటి జట్టు ఆ పక్కకు పాస్ ఇవ్వలేదు, దాన్ని ఏ వీడియోలో చూపిస్తావు?

అందుకని నిరాశ పడొద్దు. 2025 జూలైలో థాయ్‌లాండ్ మీద రెండు గోల్స్ కొట్టి మన జట్టును ఆసియా కప్‌కి చేర్చిన సంగీతా బాస్‌ఫోర్ మిడ్‌ఫీల్డరే. ఇంకా దగ్గరగా చూడాల్సింది జపాన్ అమ్మాయి యుయి హసెగావాను. ఎత్తు 157 సెంటీమీటర్లు, మన ఊళ్లో అమ్మాయిల ఎత్తే. 2021లో జపాన్ నుంచి ఇటలీలోని ఏసీ మిలాన్‌కి, అదే ఏడాది ఇంగ్లండ్‌లో వెస్ట్ హామ్‌కి, 2022లో మాంచెస్టర్ సిటీకి వెళ్లింది. అప్పటిదాకా ముందుకు వెళ్లి ఆడే మిడ్‌ఫీల్డర్‌గా పేరున్న ఆమెను సిటీ డిఫెన్స్ ముందు నిలబెట్టింది. అక్కడే ప్రపంచంలో మంచి మిడ్‌ఫీల్డర్లలో ఒకరు అయింది. ఆమె మ్యాచ్ ఒకటి పెట్టుకుని, బంతి ఎక్కడుందో వదిలేసి ఆమె తలను మాత్రమే చూడు. బంతి రాకముందే ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగి చూస్తుందో లెక్కపెట్టు.

నేర్చుకోవాల్సింది అదే. బంతి కాలికి చేరేలోపు కనీసం రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడాలి. దీనికి టర్ఫూ (ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్) వద్దు, పరుగు లెక్కపెట్టే జీపీఎస్ జాకెట్టూ వద్దు. బడి కాంపౌండ్ గోడకు బంతి కొట్టు, నీ వెనక చెల్లినో తమ్ముణ్నో నిలబెట్టి వేళ్లు చూపించమను. గోడకు తగిలి తిరిగొచ్చిన బంతి నీ కాలికి తగిలేలోపు ఎన్ని వేళ్లో చెప్పాలి, చెప్పిన తర్వాత సరి సంఖ్య అయితే కుడివైపు, బేసి అయితే ఎడమవైపు తిరగాలి. రోజుకు ఇరవై నిమిషాలు, అందులో సగం నీకు వాటం కాని కాలితో. మూడు నెలలకు తేడా నీకే తెలుస్తుంది.

మన మొరం గ్రౌండ్ల గురించి ఒక మాట. బంతి ఎటు ఎగురుతుందో తెలియని నేల మీద పెరిగినవాళ్లకు ఫస్ట్ టచ్, అంటే వచ్చిన బంతిని మొదటి తాకుతోనే అదుపు చేయడం, గట్టిపడుతుంది, అది నిజంగా లాభం. కానీ విదేశాల్లో తడి గడ్డి మీద బంతి జారుతూ వేగంగా వస్తుంది, పాస్ కొట్టే బలం లెక్క మొత్తం మారిపోతుంది. ట్రయల్‌కి ముందు ఒక నెలైనా హైదరాబాద్‌లో టర్ఫ్ అద్దెకు దొరికేచోట నలుగురు కలిసి డబ్బులు వేసుకుని ఆడండి. గడ్డి మీద వేసుకునే పొడవు స్టడ్ల బూట్లు మాత్రం టర్ఫ్ మీదికి వద్దు, స్టడ్ ఇరుక్కుని మోకాలు తిరిగిపోతుంది. టర్ఫ్‌కి వేరే సోల్ ఉంటుంది, ఏజీ (ఆర్టిఫిషియల్ గ్రౌండ్) అని అడుగు.

పరుగు సంగతి. పెద్ద స్థాయిలో మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో 10 కిలోమీటర్ల దాకా పరిగెడుతుంది, అదీ ఒకే వేగంతో కాదు, ఆగుతూ, దూకుతూ, మళ్లీ ఆగుతూ. కాబట్టి రోడ్డు మీద నెమ్మదిగా 10 కిలోమీటర్లు పరిగెత్తితే సరిపోదు. యో-యో టెస్ట్ ప్రాక్టీస్ చెయ్. 20 మీటర్లకు రెండు సున్నం గీతలు గీసి, పోయి రావాలి, 10 సెకన్లు ఆగి మళ్లీ పోవాలి, ఫోన్లో బీప్ వేగం పెరిగే కొద్దీ నీ వేగమూ పెరగాలి. క్లబ్‌లు ఇలాంటి టెస్టులే పెడతాయి. మన ఎండల్లో మార్చి నుంచి ఇది తెల్లవారక ముందే అయిపోవాలి.

రక్తం, మోకాలు, సూది

తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది. నా గ్రౌండ్లో "మేడమ్, అరవై నిమిషాల తర్వాత కాళ్లు లేవడం లేదు" అన్న అమ్మాయిలను పరీక్షకు పంపితే చాలామందికి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువే వచ్చింది. వాళ్లను బద్ధకం అని తిట్టిన రోజులు నాకున్నాయి, ఇప్పటికీ బాధపడతాను. ఆరు నెలలకొకసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే పరీక్ష) రెండూ చూపించుకో. తిండికి ఎక్కడికో పోనక్కర్లేదు. జొన్నరొట్టె, సజ్జరొట్టె, పల్లీలు బెల్లం, తోటకూర, వారానికోసారి కార్జం, పక్కన నల్లగొండ బత్తాయి. బత్తాయిలోని సి విటమిన్ ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది, అన్నం తిన్న వెంటనే తాగే చాయ్ పట్టకుండా చేస్తుంది. చాయ్ గంట ఆగి తాగు.

మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం మగ ఆటగాళ్లకంటే ఆడవాళ్లలో చాలా ఎక్కువ. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ అలెక్సియా పుతెయాస్, ప్రపంచంలోనే మేటి అని అవార్డు అందుకున్న మనిషి, 2022 యూరో పోటీ మొదలవడానికి ముందురోజు ఇదే గాయంతో నెలల తరబడి ఆటకు దూరమైంది. ఫిఫా (ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ) 11+ అని ఒక వార్మప్ ఉంది, 20 నిమిషాలు, సామాన్లు ఏమీ అక్కర్లేదు, వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. వారానికి కనీసం రెండు మూడుసార్లు చెయ్. మీ కోచ్ చేయించకపోతే నువ్వే పదిమందిని పోగేసి చేయించు.

ఇంకొకటి, దీన్ని చాలా సీరియస్‌గా తీసుకో. నొప్పి అనగానే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి సూది వేయించుకోవడం మనకు అలవాటు. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. గ్లూకోకార్టికాయిడ్లు అనే ఆ రకం స్టెరాయిడ్లు ఇంజెక్షన్‌గా ఏ దారిలో తీసుకున్నా మ్యాచ్ సమయంలో నిషేధమని 2022 నుంచి డోపింగ్ నియమం. నాకు తెలియదు, డాక్టరు ఇచ్చాడు అంటే ఊరుకోరు, ఒంట్లోకి ఏం పోయినా బాధ్యత ఆటగాళ్లదే. మందు పేరు రాయించుకోకుండా సూది వేయించుకోవద్దు. బరువు పెంచే పొడులు, పేరు లేని కషాయాల సీసాలు అసలే వద్దు.

వీడియో, లీగ్, ఏజెంట్

విదేశీ క్లబ్ నేరుగా పాలమూరు గ్రౌండ్‌కి వచ్చి చూడదు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) మీట్లు, జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, సీనియర్ నేషనల్స్, అక్కడి నుంచి ఇండియన్ విమెన్స్ లీగ్, ఇదీ మెట్ల వరుస. సౌమ్య కూడా గోకులం కేరళ జట్టుకి ఆడాకే జాగ్రెబ్‌కి పోయింది. జాతీయ జట్టుకి ఆడితే దారి ఇంకా వెడల్పు అవుతుంది. ఇంగ్లండ్‌లో ఆడాలంటే వీసాకు ముందు వాళ్ల ఫుట్‌బాల్ సంఘం పాయింట్లు లెక్కేస్తుంది, నీ దేశం ర్యాంకు, దేశానికి ఎన్ని మ్యాచ్‌లు ఆడావు, ఏ లీగ్‌లో ఆడావు అన్నవి అందులోకి వస్తాయి. అందుకే మొదటి అడుగు పెద్ద లీగ్‌లోనే వేయాలని పట్టుబట్టకు. సైప్రస్, క్రొయేషియా, గ్రీస్ లాంటి చోట రెండు సీజన్లు క్రమం తప్పకుండా ఆడటం, పెద్ద క్లబ్ బెంచి మీద కూర్చోవడం కంటే మేలని నా అభిప్రాయం.

వీడియో ఇలా తీయించు: నాలుగైదు నిమిషాల క్లిప్పులు, వాటితోపాటు కత్తిరించని పూర్తి మ్యాచ్‌లు రెండు. మిడ్‌ఫీల్డర్‌ను కొనేవాళ్లు పూర్తి మ్యాచే చూస్తారు. ఫోన్ గ్రౌండ్ పక్కన నేల మీద కాదు, బడి మొదటి అంతస్తు వరండాలాంటి ఎత్తైన చోట పెట్టాలి. బంతి వెంట తిప్పకుండా సగం గ్రౌండ్ కనబడేలా తీయాలి. క్లిప్పుల్లో గోల్స్‌తో పాటు ఒత్తిడిలో బంతి తీసుకుని తిరిగినవి, అడ్డుకున్నవి, పోయిన బంతి కోసం వెనక్కి పరిగెత్తినవి పెట్టు. పాట పెట్టకు.

ఇక ఏజెంటు. మా దగ్గర ఆడిన ఒక అమ్మాయికి ఒకాయన ఫోన్ చేసి యూరప్‌లో ట్రయల్ ఇప్పిస్తానన్నాడు. క్లబ్ బొమ్మ ఉన్న లెటర్ కూడా పంపాడు. వాళ్ల నాన్న రెండు బర్రెలు అమ్మి లక్షా ఇరవై వేలు కట్టాడు. తర్వాత ఫోన్ లేదు, మనిషి లేడు. ఆ లెటర్ నాకు ముందే చూపించి ఉంటే, పంపిన మెయిల్ క్లబ్‌ది కాదని ఒక్క నిమిషంలో తెలిసేది. ఆ అమ్మాయి తర్వాత బూట్లు వేసుకోలేదు.

కాబట్టి ఇవి గుర్తుపెట్టుకో. 18 ఏళ్లు నిండకుండా ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్‌కి మారడాన్ని ఫిఫా నిషేధించింది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉండి చదువుకునే అమ్మాయికి అవి పనికిరావు. పదహారేళ్లకే పంపిస్తాననేవాడు అబద్ధం చెప్తున్నాడు. ఏజెంటుకు ఫిఫా లైసెన్సు ఉందో లేదో ఫిఫా వెబ్‌సైట్లోనే పేరు కొట్టి చూడొచ్చు. ఏజెంటుతో ఒప్పందం రెండేళ్లకు మించి ఉండకూడదు. వాళ్ల కమిషన్ నీకు కాంట్రాక్టు వచ్చాక వస్తుంది, ట్రయల్ కోసం ముందే డబ్బు అడిగారంటే అక్కడే ఫోన్ పెట్టేయ్. క్లబ్ మెయిల్ అడ్రసు వాళ్ల సొంత వెబ్‌సైట్లో వెతుక్కుని నువ్వే మెయిల్ పెట్టి అడుగు, సిగ్గుపడకు, నిజమైన క్లబ్ జవాబు ఇస్తుంది.

కాంట్రాక్టు చదవడం

డబ్బు గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. ఫిఫా 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా మహిళా ఆటగాళ్ల సగటు జీతం ఏడాదికి 10,900 డాలర్లు, అంటే పన్ను కట్టకముందు తొమ్మిది లక్షల రూపాయలకు కాస్త పైన. అమెరికా లీగ్‌లో 2025లో కనీస జీతం 48,500 డాలర్లు. స్పెయిన్‌లో ఆటగాళ్లు 2023లో సమ్మె చేసి కనీస జీతం 21,000 యూరోలకు పెంచించుకున్నారు. చిన్న లీగుల్లో ఇంతకంటే చాలా తక్కువ, కొన్నిచోట్ల గది, తిండి పోను చేతిలో మిగిలేది కొంచెమే. మొదటి రెండేళ్లు ఇంటికి పంపేంత రాకపోవచ్చు, ఆ మాట ఇంట్లో ముందే చెప్పు.

జీతం అని రాసినచోట అది పన్నుకు ముందా, పన్ను పోనా అని అడుగు. ఏడాదికి పది నెలలా పన్నెండు నెలలా అడుగు, సెలవు నెలల్లో జీతం ఇవ్వని క్లబ్‌లు ఉంటాయి. గది ఒక్కదానికా, ముగ్గురితో పంచుకోవాలా? విమాన టికెట్లు ఏడాదికి ఎన్ని? గాయమైతే ఆపరేషన్ ఎవరి ఖర్చు, ఎక్కడ చేయిస్తారు, ఆ నెలల్లో జీతం ఆగుతుందా? ఇవన్నీ నోటిమాటగా చెప్తే కుదరదు, కాగితం మీద ఉండాలి. కాంట్రాక్టు ఆ దేశపు భాషలో ఉంటే ఇంగ్లీషు కాపీ కూడా అడిగి తీసుకో.

ఫిఫా నియమాల్లో నీకు అక్కరకొచ్చేవి కొన్ని ఉన్నాయి, ఇవి తెలిసిన అమ్మాయిని మోసం చేయడం కష్టం. మెడికల్ టెస్ట్ పాసైతేనే, వర్క్ పర్మిట్ వస్తేనే కాంట్రాక్టు చెల్లుతుంది అనే షరతు క్లబ్ పెట్టకూడదు, పరీక్షలన్నీ సంతకానికి ముందే చేసుకోవాలి. గర్భం వస్తే కాంట్రాక్టు రద్దు అనే షరతూ పెట్టకూడదు. 2021 నుంచి కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, అందులో జీతంలో కనీసం మూడింట రెండు వంతులు ఇవ్వాలన్నది నియమం. కాంట్రాక్టు కనీసం ఆ సీజన్ చివరిదాకా ఉండాలి, ఐదేళ్లకు మించకూడదు. రెండు నెలల జీతం ఎగ్గొడితే, 15 రోజుల గడువిస్తూ రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే కాంట్రాక్టు తెంపుకుని బయటికి రావచ్చు. ఫిఫా ట్రిబ్యునల్‌కి ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది. అందుకే జీతం పడిన ప్రతి మెసేజ్, పడని నెలలో నువ్వు పెట్టిన ప్రతి మెయిల్ దాచిపెట్టు. ఫోన్లో మాట్లాడినా తర్వాత అదే సంగతి మెయిల్లో రాసి పంపు.

ఇక్కడి క్లబ్‌తో ఉన్న ఒప్పందం ముగియడానికి ఆరు నెలల లోపు ఉంటేనే ఇంకో క్లబ్‌తో నువ్వు నేరుగా సంతకం చేయొచ్చు, అంతకంటే ఎక్కువ కాలం మిగిలి ఉంటే రెండు క్లబ్‌లు మాట్లాడుకోవాలి. ఇక్కడి నుంచి అక్కడికి నీ రిజిస్ట్రేషన్ పోవాలంటే ఇంటర్నేషనల్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ కావాలి, అది మన ఫుట్‌బాల్ సమాఖ్య నుంచి వాళ్ల సమాఖ్యకు నేరుగా వెళ్తుంది, నీ చేతికి ఎవరూ ఇవ్వరు. దాన్ని ఇప్పిస్తానని డబ్బు అడిగేవాడిని నమ్మకు. ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లు క్లబ్ మారి పేరు నమోదు చేసుకునే గడువు) మూసేలోపు ఇది జరగాలి, లేకపోతే అక్కడికి పోయి కూడా మ్యాచ్ ఆడలేవు. ఒక సీజన్లో మూడు క్లబ్‌లలో పేరు నమోదు కావచ్చు గానీ, మామూలుగా రెండింటికే ఆడగలవు.

చదవడం కష్టమనిపిస్తే లేబర్ చట్టం తెలిసిన వకీలును జిల్లా కోర్టులో వెతుక్కో, రెండు మూడు వేలు ఫీజు తీసుకున్నా నష్టం లేదు. ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం మన దేశంలోనూ ఉంది, అందులో సభ్యత్వం తీసుకో.

బయల్దేరే ముందు

పప్పుచారు, కోడిగుడ్డు కూర, అన్నం వండటం రాకపోతే ఈ రోజే మొదలుపెట్టు. యూరప్ దేశాలకు పోయేటప్పుడు సామాన్లలో నెయ్యి సీసా, చికెన్ పచ్చడి పెట్టుకోవద్దు, పాలతో మాంసంతో చేసినవి బయటినుంచి తీసుకురానివ్వరు. ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తుంటే అమ్మ చేతి వంట పోయిందని ఏడ్చిన పిల్లలు ఉన్నారు. కారప్పొడి, పల్లీపొడి, చింతపండు పెట్టుకో. లోపల వేసుకునే వెచ్చని బట్టలు ఇక్కడ కొనకు, అక్కడ తక్కువకే మంచివి దొరుకుతాయి.

స్కాట్లాండ్‌లాంటి చోట డిసెంబర్లో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. మన ఎండలో పుట్టిన ఒంటికి, మనసుకు రెండింటికీ అది కష్టమే. డి విటమిన్ గురించి క్లబ్ డాక్టరును నువ్వే అడుగు. దిగులుగా ఉంటే అది కూడా చెప్పు, గాయం చెప్పినట్టే చెప్పు. గ్రౌండ్లో అరిచే పదిహేను ఇరవై మాటలు, తిరుగు, మనిషి వస్తోంది, టైమ్ ఉంది, వదిలెయ్, ఇవి ఆ దేశపు భాషలో విమానం ఎక్కకముందే నేర్చుకో. మిడ్‌ఫీల్డర్ నోరు విప్పకపోతే జట్టు మొత్తం చెవిటిదవుతుంది, మన పిల్లలు భాష రాదన్న భయంతో మొదటి వారం మూగగా ఆడి ట్రయల్ పోగొట్టుకుంటారు.

డిగ్రీ వదలకు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో చేరి పరీక్షల తేదీలు సెలవులకు కలిసొచ్చేలా చూసుకో.

ఇంట్లో చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. లీగ్ ఆగస్టు, సెప్టెంబర్లలో మొదలవుతుంది, కాబట్టి బతుకమ్మకు రాలేవు. ఈ మాట అమ్మకు పండగ ముందురోజు ఫోన్లో కాకుండా, పోయేముందే ఎదురుగా కూర్చుని చెప్పు. ఇరవై దాటగానే సంబంధాలు మొదలవుతాయి, అప్పుడు "రెండేళ్లు ఆగండి" అనే మాటకంటే కాంట్రాక్టు మీద ఉన్న తేదీ చూపిస్తే నాన్న త్వరగా వింటాడు, మా పిల్లల ఇళ్లకు పోయి మాట్లాడినప్పుడు నేను చూసింది ఇదే. జాగ్రెబ్ మనకంటే ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. నీ సాయంత్రం ప్రాక్టీస్ అయ్యేసరికి ఇక్కడ అందరూ పడుకుంటారు, అందుకని పొద్దున ప్రాక్టీస్‌కి ముందే ఫోన్ చేసే అలవాటు పెట్టుకో. కాంట్రాక్టు కాపీ ఒకటి, పాస్‌పోర్టు జిరాక్స్ ఒకటి, ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం ఉండే డబ్బాలో పెట్టి, అందులో ఏం రాసి ఉందో నాన్నకు తెలుగులో చదివి వినిపించి పో.